రవ్వ లేని పటం

మహంతి మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని తగులుతుంది అని ఆయన దగ్గర ఫొటోగ్రఫీ నేర్చుకున్నవాళ్ళు ఈనాటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. పార్వతీపురంలో సైకిల్ షాపు మీది మేడలో ఉండేది ఆయన స్టూడియో. ఆదివారం పొద్దుటిపూట కొందరు పెద్దవాళ్ళు అక్కడ చేరేవారు. మందుల షాపు నడిపే ఒకాయన ఓసారి, "ఏ లెన్సు మంచిదండీ?" అని అడిగితే మాస్టారు ఆయన చేతికి తుడుపుగుడ్డ ఇచ్చి మేడ కిటికీ అద్దాలు తుడవమన్నారు. ఆయన గొణుక్కుంటూనే తుడిచాడు. తుడిచాక వీధి చివర గుర్రబ్బండి మువ్వలతో సహా కనబడింది. మళ్ళీ ఆ మనిషి లెన్సుల మాట ఎత్తలేదు. అక్కడ నేర్చుకునేవాళ్ళలో టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పనిచేసే సువర్చల ఒకతె. ఇది ఆవిడ అడిగిన ప్రశ్న గురించిన కథ.

సువర్చలది రోజంతా చెవికి హెడ్‌ఫోన్ తగిలించుకుని ట్రంకు కాల్స్ కలిపే ఉద్యోగం. లైన్లలో గరగర వినీ వినీ, నున్నగా శుభ్రంగా ఉన్నది ఏది కనబడినా ఆమెకు ప్రాణం లేచివచ్చేది. బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక ఆఫీసరుగారి భార్య దగ్గర పాత కెమెరా కొనుక్కుని, భర్త కామేశం ఎంత వేళాకోళం చేసినా వదలకుండా మేడ మెట్లెక్కి నేర్చుకుంటూండేది. అంతా బాగానే పట్టుబడింది కానీ ఒక్కటి మింగుడుపడలేదు. ఆ కెమెరా ఫిల్ము మీద పడే బొమ్మ చిన్నది. దాన్ని కాగితం మీదికి పెద్దది చేసేసరికి గోడల మీదా బుగ్గల మీదా సన్నటి చుక్కలు తేలేవి. ఫిల్ములో ఉండే వెండి రేణువులే అలా కనబడతాయి. స్టూడియోలో అందరూ దాన్ని రవ్వ అనేవారు. మిగతావాళ్ళు రవ్వని పట్టించుకునేవారు కాదు. సువర్చలకి అన్నంలో రాయిలా తగిలేది.

ఒక ఆదివారం ఆవిడ తెగించి అడిగింది. "మాస్టారూ, ఫిల్ము కడగడానికి ఇన్ని రకాల డెవలపర్లున్నాయి కదా. వాటిల్లో రవ్వ అస్సలు కనబడనివ్వనిది ఏది? అన్నిటికన్నా మంచిది ఒక్కటి చెప్పండి. ఇక జన్మలో ఇంకోటి ముట్టుకోను."

ట్రేలు కడుగుతున్న మాస్టారు తలెత్తకుండానే, "ఇప్పుడు ఎవరి ఫొటో తీస్తున్నావమ్మా?" అన్నారు.

నిజానికి ఆ ప్రశ్న వెనక ఉన్నది ఒక మనిషే. ఊళ్ళో ప్రసూతి వార్డులో ఎలీషమ్మగారని పెద్ద నర్సు ఉండేది. ఆ చుట్టుపక్కల సగం ఊరికి మొదటి స్నానం చేయించిన చెయ్యి ఆవిడది. ఆ ఏడు ఆవిడ రిటైరవుతోంది. వార్డులో ఆవిడ పటం ఒకటి పెద్దది చేయించి మంచాలకి ఎదుటి గోడకి పెట్టాలని అక్కడి ఆయా గౌరమ్మ మొదలు అందరూ అనుకున్నారు. ఆ మాట చెవిన పడగానే, ఎవరూ అడక్కుండానే, "నేను తీస్తాను" అంది సువర్చల. సువర్చల కూతురు నీరజ నెలలు నిండకుండా పుట్టింది. పట్టుకుంటే అరచేతిలో ఒదిగిపోయేదట. బతకదని ఇంటిల్లిపాదీ మనసు రాయి చేసుకుంటే, ఎలీషమ్మ ఆ గుడ్డుని దూదిలో చుట్టి, తన గుండెకి ఆనించుకుని, డ్యూటీ అయిపోయినా ఇంటికి వెళ్ళకుండా వార్డులోనే ఉండిపోయింది. ఆ పిల్ల ఇప్పుడు తాడాట ఆడితే కింది వాటావాళ్ళు వచ్చి దెబ్బలాడతారు. అటువంటి మనిషి పటం మీద రవ్వ ఉండకూడదని సువర్చల పట్టుదల.

ఇదంతా విని మాస్టారు, "సరే. రోలు మొదటి సగంలో ఎలా తీశావో, రెండో సగంలోనూ అచ్చం అలాగే తియ్యి. తరవాత రా," అన్నారు. అంతే.

ఎలీషమ్మగారు ఫొటో అంటే ముందు ఒప్పుకోలేదు. "బతికున్నదాన్ని గోడకెక్కిస్తారేంటమ్మా!" అని నవ్వింది. చివరికి, "దండ మాత్రం వెయ్యకండి," అన్న షరతు మీద వార్డులో తను రోజూ నిలబడే చోట, కిటికీ దగ్గర, గంజిపెట్టిన తెల్ల టోపీతో నిలబడింది. మనిషి నల్లటి చామనఛాయ. లోతైన కళ్ళు. ఆ కళ్ళలోకి చూసే కదా కాన్పుకొచ్చినవాళ్ళు నొప్పి ఓర్చుకునేది! సువర్చల కెమెరా కదలకుండా పట్టుకుని, మాస్టారు చెప్పినట్టే తీసింది.

ఆ లోపల విశాఖపట్నం నుంచి ఒక డెవలపర్ డబ్బా తెప్పించింది. దాంట్లో కడిగితే రవ్వ కళ్ళకద్దుకుందామన్నా దొరకదని అమ్మినవాడు చెప్పాడట. మాస్టారు కాదనలేదు. డార్క్ రూములో రోలుని మధ్యకి కత్తిరించి, ఒక సగం ఆ కొత్త డెవలపర్లోనూ, రెండోది స్టూడియోలో రోజూ వాడే డెవలపర్లోనూ కడగమన్నారు. ఆరాక సువర్చల రెండు సగాల్లోంచీ ఒకే రకం బొమ్మలు ఎంచి ప్రింట్లు తీసింది. కొత్త డెవలపర్ మాట నిలబెట్టుకుంది. భూతద్దం పెట్టి వెతికినా చుక్క లేదు. వెనక గోడ మీగడ తరకలా ఉంది. టోపీ మడతలు ఇస్త్రీ చేసిన చెయ్యిని గుర్తుపట్టేంత స్పష్టంగా వచ్చాయి. రెండోదాంట్లో గోడ నిండా బొంబాయి రవ్వ చల్లినట్టుంది. సువర్చల సంతోషం పట్టలేకపోయింది. "చూడండి మాస్టారూ, ఎంత తేడానో!" అంది.

మాస్టారు రెండూ చూశారు. "బాగున్నాయి. రెండూ పట్టుకెళ్ళి వార్డులో చూపించు. నువ్వేమీ చెప్పకు," అన్నారు.

మర్నాడు డ్యూటీ అయ్యాక సువర్చల వార్డుకి వెళ్ళి ముందు నున్నటి ప్రింటు తీసి చూపించింది. గౌరమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని భక్తిగా అందుకుంది. "ఎంత బాగుందే తల్లీ! ఈ టోపీ సూడండర్రా, మల్లెపువ్వులాగున్నాది," అంది. పక్క మంచం మీది బాలింత, "అవునవును, టోపీ ఎంత బాగొచ్చిందో!" అంది. ఆ పక్కావిడ బొత్తాలు మెచ్చుకుంది. చేతులు మారి మారి అది ఎలీషమ్మగారి దగ్గరికి చేరింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "టోపీ నాదే," అంది. తరవాత నవ్వాపుకుంటూ, "కింద ఉన్నావిడ ఎవరమ్మా?" అంది.

వార్డంతా గొల్లుమంది. సువర్చలా నవ్వింది కానీ ముఖం వేడెక్కింది. రెండో ప్రింటు చూపించబుద్ధి కాలేదు. అయినా మాస్టారి మాట కదా అని తీసింది. దాన్ని చూస్తూనే గౌరమ్మ, "అయ్యో, మీ మొకం మీద ఇసకోసేసినట్టున్నాదమ్మా!" అంది. అని ఊరుకోలేదు. ఇంకా దగ్గరికి తెచ్చుకుని చూసి, "ఇదిగో, మనమ్మగారే. తిట్టబోయే ముందర ఇలాగే సూత్తాది," అంది. ఎలీషమ్మకి మాత్రం అది నచ్చలేదు. "నేనే, కాదనను. కానీ ఇంత గరుగ్గా ఉంటానా?" అని బుగ్గ తడుముకుంది. ఆ తడుముకోవడం సువర్చలకి ముల్లులా గుచ్చుకుంది. ఒక ప్రింటులో మనిషి లేదు. ఇంకోదాంట్లో మనిషి ఉంది కానీ ఆ మనిషికే చూసుకోవాలని లేదు.

ఆదివారం దాకా ఆగలేక ఆ సాయంత్రమే మేడెక్కింది. నున్నటి ప్రింటులో నల్లగా ముద్దైపోయిన ముఖాన్ని కాస్త పలచన చేస్తే కళ్ళు పైకొస్తాయేమోనని రకరకాలుగా ప్రయత్నించింది. నలుపు పోయి బూడిద రంగు వచ్చింది కానీ కళ్ళు రాలేదు. విసుగెత్తి, నెగటివ్ పట్టుకెళ్ళి కిటికీ వెలుతురుకి ఎత్తి చూసింది. నెగటివ్‌లో అంతా తిరగబడి ఉంటుంది కదా, నల్లగా ఉండాల్సింది తేటగా కనబడుతుంది. కళ్ళు ఉండాల్సిన చోట ఫిల్ము కడిగిన అద్దంలా ఉంది. అక్కడ దాగున్నదేమీ లేదు. లేనిదాన్ని బతిమాలితే ఎక్కడినుంచి వస్తుంది? రెండో సగం నెగటివ్ ఎత్తి చూస్తే అదే చోట పొగమంచులాంటి ఛాయ ఉంది. కనురెప్ప గీత కూడా ఉంది. ఒకే కిటికీ, ఒకే మనిషి, ఒకే వెలుతురు. సువర్చల రెండిటినీ పక్కపక్కన పట్టుకుని చాలాసేపు నిలబడింది.

"నేనిచ్చిన వెలుతురు దీనికి చాల్లేదు మాస్టారూ," అంది చివరికి, నున్నటి నెగటివ్ వైపు చూపిస్తూ. "మామూలు డెవలపర్ ఉన్నదాంతో సరిపెట్టుకుంది. ఇది సరిపెట్టుకోలేదు."

మాస్టారు చేస్తున్న పని ఆపి, "ఎలీషమ్మగారు ఎక్కడ నిలబడ్డారు?" అని అడిగారు.

"కిటికీకి వీపు పెట్టి."

"ఎందుకూ?"

"ఆవిడ రోజూ అక్కడే నిలబడతారు. అక్కణ్ణుంచి మంచాలన్నీ కనబడతాయి."

మాస్టారు తల పంకించి మళ్ళీ పనిలో పడ్డారు. సువర్చల మిగిలిన డెవలపర్ పొడి డబ్బాకి మూత గట్టిగా బిగించి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆవిడకి కోపం రాలేదు. చాలా రోజుల తరవాత ఏదో తేలికగా కూడా అనిపించింది. ఇంటికి వెళ్ళి పిల్లకి జడ వేస్తూ, దాని ముఖం దీపం వైపు తిప్పి ఒక్క నిమిషం చూసింది. "ఏంటమ్మా?" అంది నీరజ. "ఏం లేదు, కదలకు," అంది సువర్చల.

మళ్ళీ ఫొటో తియ్యడానికి ఒక పొద్దుట వార్డుకి వెళ్ళి సంగతి చెబితే ఎలీషమ్మ అడ్డంగా తల ఊపింది. "వెలుతురు కోసం కిటికీ వైపు తిరగమంటావా? తిరిగితే మంచాలకి వీపు పెట్టాలి. నా సర్వీసులో ఆ పని ఎప్పుడూ చెయ్యలేదమ్మా. ఇప్పుడు ఫొటో కోసం చేస్తానా?"

"బయట వరండాలో కూర్చుంటే?"

"ఇద్దరు నొప్పుల మీదున్నారు. కదలను."

అది బెట్టు కాదని సువర్చలకి తెలుసు. తను ఆ మంచం మీద ఉన్నప్పుడు ఈ మనిషి ఇలాగే కదల్లేదు. బతిమాలడం మానేసి వార్డు చుట్టూ చూసింది. తూర్పు గోడకి ఒక పెద్ద ఇనప బీరువా ఉంది. దాని వెనకనుంచి సన్నటి వెలుగు గీత నేల మీద పడుతోంది. "అక్కడేముంది?" అని అడిగింది. "తలుపుంది," అంది గౌరమ్మ. "అది ఎప్పటిదో. బీరువా ఎట్టీనాక ఎవులు తీత్తారు?"

వార్డుబాయ్‌లని పిలిచి, ఎలీషమ్మ అనుమతి తీసుకుని, బీరువా పక్కకి జరిపించింది సువర్చల. గడియ తుప్పు పట్టి రాలేదు. కొబ్బరినూనె పోసి, తట్టి, గుంజి చివరికి తెరిచారు. రెండు రెక్కలూ ఒక్కసారి తెరుచుకునేసరికి పొద్దుటి ఎండ చాప పరిచినట్టు వార్డు మధ్య దాకా వచ్చి పడింది. వెనకాలే గాలి వచ్చింది. మంచాల మీద ఆడవాళ్ళు చేతులు కళ్ళకి అడ్డం పెట్టుకున్నారు. తరవాత ఒక్కొక్కళ్ళే చేతులు తీసేశారు. ఎవరో, "అమ్మయ్య," అన్నారు. ఆ తలుపు దగ్గర స్టూలు వేస్తే, కూర్చున్న మనిషి ముఖం మీద పక్కనుంచి నిండుగా వెలుతురు పడుతుంది. మంచాలన్నీ ఎదురుగానే ఉంటాయి. ఎలీషమ్మ వచ్చి స్టూలు వైపూ మంచాల వైపూ మార్చి మార్చి చూసింది. "ఇక్కడైతే సరే," అని కూర్చుంది. వార్డులో ఆవిడ కూర్చోగా చూడటం అదే మొదటిసారి అంది గౌరమ్మ.

ఈసారి సువర్చల కెమెరాని వెలుతురు ధారాళంగా తాగనిచ్చింది. ఎప్పుడూ ఇచ్చేదానికి రెట్టింపు ఇచ్చింది. కదలకుండా ఉండమంటే ఎలీషమ్మ మొహం బిగించేసింది, పెళ్ళికూతురి పక్కన కూర్చోబెట్టిన పెత్తల్లిలాగా. రెండు మూడు అలాగే పోయాయి. అంతలో చివరి మంచం దగ్గర పసిబిడ్డ ఒకటి కేర్‌మంది. ఎలీషమ్మ లేవలేదు. తల కాస్త వంచి, ఆ ఏడుపు ఆకలిదా, కడుపునొప్పిదా అని విన్నట్టు అటు చూసింది. ఆకలిదే అని తేలాక పెదవుల చివర చిన్న నవ్వు వచ్చింది. సువర్చల అప్పుడు నొక్కింది.

ఆ రోలుని ఏ డెవలపర్లో కడగాలని మాస్టారిని అడగలేదు. పటం పెద్దది, గోడకి పెట్టేది. ఆవిడ బుగ్గ తడుముకోవడం ఇంకా కళ్ళముందే ఉంది. అందుకని విశాఖపట్నం డబ్బాయే తీసింది. డార్క్ రూములో ఎర్రదీపం కింద పెద్ద కాగితం ట్రేలోకి జార్చినప్పుడు ముందు టోపీ అంచు తేలింది, తరవాత నుదురు, తరవాత కళ్ళు. వాటిలో తెరిచిన తలుపు కూడా సన్నగా మెరిసింది. సువర్చల, "అమ్మ దొంగా, వచ్చావా!" అని పైకే అనేసింది. పక్కన నిలబడ్డ మాస్టారు ట్రే మెల్లగా ఊపుతూ ఉండిపోయారు. టోపీ మాత్రం మొదటిసారంత బాగా రాలేదు. అంత వెలుతురుకి మడతలన్నీ కలిసిపోయి తెల్లగా మిగిలింది. అది చూసి కూడా సువర్చల ఏమీ అనుకోలేదు.

ఎలీషమ్మగారి వీడ్కోలు రోజున వార్డులో లడ్డూలు పంచారు. బీరువా మళ్ళీ తలుపుకి అడ్డం పెట్టే పని ఎవరూ తలపెట్టలేదు. ఆ వెలుతుర్లో పటం మీది కాగితం తీసేసరికి గౌరమ్మ అందరికన్నా ముందుకొచ్చి చూసింది. "టోపీ ఏటమ్మా, ఇలాగైపోనాది?" అంది. మళ్ళీ తనే, "పోతే పోనీలెండి. ఎవులిక్కావాలి టోపీ?" అని కళ్ళొత్తుకుంది. ఎలీషమ్మ కళ్ళజోడు పెట్టుకుంది, తీసింది, తుడిచి మళ్ళీ పెట్టుకుంది. "ఏమే, ఆ పిల్లదానికి పాలిచ్చావా?" అని చివరి మంచం వైపు కేకేసింది. ఫొటో తీసిననాడు ఏడ్చిన ఆ పసిపిల్లని తీసుకుని తల్లి ఇంటికి వెళ్ళిపోయి అప్పటికే చాలా రోజులైంది. వార్డంతా నవ్వుతూంటే ఆవిడ కూడా నవ్వి, సువర్చల తల మీద చెయ్యి వేసి ఉంచింది.

సువర్చల స్టూలెక్కి తన చేతులతోనే పటం గోడకి తగిలించింది. అటూ ఇటూ సరిచేసి, దిగి, వెనక్కి వచ్చి చూసుకుంది. దగ్గరికెళ్ళి అద్దం మీద ముక్కు ఆనేంతగా చూసింది. ఎక్కడా రవ్వ లేదు. కడుపు నిండినట్టయింది. అప్పుడు మహంతి మాస్టారు లోపలికి వచ్చారు. ఆయన్ని చూస్తే ఆవిడకి ఒకటి గుర్తొచ్చింది. నవ్వుతూ, "మాస్టారూ, ఆ రోజు నేనో మాట అడిగాను. అన్నిటికన్నా మంచి డెవలపర్ ఏదని. మీరు ఇప్పటిదాకా చెప్పలేదు," అంది.

మాస్టారు పటాన్ని దూరంగా నిలబడి చూశారు. మంచాల వరస చివరికి నడిచి ఇంకోసారి చూశారు. అక్కడ ఖాళీగా ఉన్న మంచం పక్కన, పంచె సర్దుకుని, నేల మీద చతికిలబడ్డారు. తల వెనక్కి వాల్చి, దిండు ఎత్తుకి వచ్చేలా మంచం పట్టె మీద ఆనించారు. "అయ్యో, తల తిరిగిందాండీ?" అంటూ ఎలీషమ్మ పరుగున వచ్చింది. ఆయన చెయ్యి అడ్డంగా ఊపి, అలా వాలి ఉండే గోడ వైపు చూసి, అన్నారు:

"ఇంకాస్త కిందికి దించమ్మా. పడుకున్నవాళ్ళకి కళ్ళు అందటం లేదు."